ముఖాముఖి బోధ

(సంఘ ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సమయమున గుడులను గూర్చి, బిషప్పులను గూర్చి చెప్పువారు అనేకులున్నారు. మేము మాత్రము బడి తలుపులు మూతబడిన దినములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఏలయనగా మన తెలుగు సీమలో గుడి, బడి జంటగా వచ్చినవి. 1841లో మచిలీపట్నంలో దిగిన రాబర్టు నోబుల్ దొరగారు 1843లోనే అక్కడ పాఠశాల తెరిచినారు. మన పల్లెలలో చాలచోట్ల పగలు బడిగా నడిచిన పాకలోనే ఆదివారము ఆరాధన జరిగినది. కాబట్టి బడి మూతబడుట మనకు పరాయి సంగతి కాదు.

2020 మార్చి 19 నుండి మన రాష్ట్రములో బడులు మూసివేసినారు. వారము తిరుగకముందే, 25వ తేదీ నుండి, దేశమంతటా లాక్‌డౌన్ వచ్చినది. అప్పటికి కృష్ణా జిల్లాలో ఉండి, 2022 నుండి ఏలూరు జిల్లాలో చేరిన మన ముసునూరుకు అది మామిడి కాయ ముదిరే కాలము. పదవ తరగతి పరీక్షలు వాయిదా పడి, చివరకు రద్దయినవి. దూరదర్శన్ సప్తగిరిలో పదవ తరగతికి ‘విద్యామృతం’, కింది తరగతులకు ‘విద్యావారధి’ పాఠములు వచ్చినవి. మన ఉపాధ్యాయులు వాట్సాపులో తరగతికొక గ్రూపు పెట్టినారు. ఇవన్నియు మంచి ప్రయత్నములే. కాని ఆ యేడు అసర్ సర్వే లెక్క ప్రకారము, పల్లెల బడిపిల్లలలో ఇంట స్మార్టు ఫోను ఉన్నవారు దేశము మొత్తము మీద 61.8 శాతమే. 2018లో అది 36.5 శాతము. పెరిగినది నిజమే గాని, పదిమందిలో నలుగురికి ఇంకను లేదు.

మన సంఘములోని ఒక టీచరమ్మగారు మాతో చెప్పినారు. తరగతిలోనైతే ఆమె బంగినపల్లి కాయను బద్దలుగా కోసి భిన్నములు నేర్పెడివారు. ఎవరికి తెలియలేదో వారి మొగములే చెప్పెడివి. ఫోనులోనైతే, “అర్థమైందా?” అని అడిగిన వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వచ్చెడివి. బడి తెరిచిన పిమ్మట పలక మీద సగము, పావు వేయమంటే, ఆ చేతులు జోడించినవారే తలలు వంచుకొన్నారు.

మరియొక ఇంట ఉన్నది ఒకటే ఫోను. తండ్రి దానిని జేబులో వేసుకొని తెల్లవారకముందే తోటకు పోవును. రాత్రి అతడు వచ్చువరకు పిల్లకు పాఠము లేదు. అది తెలిసి ఆ టీచరమ్మగారు రాత్రి తొమ్మిదికి పాఠము పంపి, పదకొండు వరకు సందేహములు తీర్చినారు. ఆమె సొంత పిల్లలు అదే ఫోను కొరకు కాచుకొని నిద్రపోయినారు.

ప్రైవేటు బడులలో పనిచేసిన అనేకులకు జీతములు ఆగినవి. తెలంగాణ ప్రభుత్వము 2021లో అట్టివారికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చినది. మనకు తెలిసిన ఒక మాస్టారు మామిడి తోటలో కూలికి పోయినారు. అక్కడ చిక్కం కట్టిన గెడ పట్టుకొని కాయ దింపుచున్నవాడు ఆయన తొమ్మిదవ తరగతి శిష్యుడే. “మాస్టారూ, మీరు నీడన కూర్చోండి, నేను మోస్తాను” అన్నాడట. ఆ మాట చెప్పుచు ఆయన మా యెదుట కన్నీరు పెట్టుకొన్నారు.

ఆ నవంబరు 2న పెద్ద తరగతులు తెరిచినారు. ఆ పిల్లవాడు రాలేదు. మేము వారి యింటికి పోవుటకే ఆలస్యము చేసినాము. పోయినప్పుడు తల్లి, “అయ్యగారూ, వాణ్ణి బడికి పంపితే అప్పెవరు తీరుస్తారండి?” అన్నది. మాకు జవాబు లేదు.

మా తప్పును ఒప్పుకొనవలెను. మేమును ఆరాధనను ఫోనులో పెట్టి, అందరును వినుచున్నారని తలంచినాము. ఫోను లేనివారి గడప తొక్కలేదు.

పౌలు చెరసాలనుండి వ్రాసిన పత్రికలు సంఘములను నిలువబెట్టినవి. కావున దూరమునుండి చేయు బోధను మేము తక్కువ చేయము. అయితే యోహాను తన రెండవ పత్రిక ముగింపులో, చెప్పవలసినది చాల ఉన్నను కాగితముతో సరిపెట్టక, ఎదుటికి వచ్చి మాటలాడ గోరినాడు. సంతోషము అప్పుడే పరిపూర్ణమగునని ఆయన యెరుగును.

2020లో ఒకటవ తరగతికి రావలసిన పిల్లలు ఇప్పుడు పై తరగతులలో ఉన్నారు. వారిలో కొందరికి నేటికిని వాచకము కూడబలుకుకొనవలసి వచ్చుచున్నది. మన సండేస్కూలు గది వారములో ఆరు దినములు తాళము వేసి ఉన్నది. సాయంకాలము రెండు గంటలు దానిని తెరువుదము. ఏ మతము, ఏ పేట పిల్లలైనను రావచ్చును.

ఆ పిల్లవాడు, ఇప్పుడు యువకుడు, మొన్న మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, పదో తరగతి రాయడానికి నాకు వయస్సు దాటిపోయిందా?” అని అడిగినాడు. దాటలేదు, ఓపెన్ స్కూలు ద్వారా వ్రాయవచ్చునని చెప్పినాము. ఈసారి జవాబు ఉన్నది. అతనికి లెక్కలు చెప్పువారు కావలెను. మీలో ఎవరు వచ్చెదరు?

ప్రభువు మీ పరిచర్యను దీవించును గాక.