చూపు లేకున్నా, చెవి లేకున్నా నేర్చుకుంటుంది



ఈ రోజు కుక్కల గురించి మాట్లాడుకుందాం. “కుక్క గురించి మాట్లాడేదానికి ఏముంది టీచరమ్మా?” అని మీరు నవ్వొచ్చు. వినండి.

అప్పుడే పుట్టిన కుక్కపిల్లల్ని మీరు చూసే ఉంటారు. వాటి కళ్లు మూసుకొని ఉంటాయి. చెవులు కూడా మూసుకొనే ఉంటాయి. సుమారు రెండు వారాల దాకా వాటికి చూపు లేదు, వినికిడి లేదు. అయినా తల్లి పొదుగు దగ్గరికి ఎట్లా పోతాయి? వాసన పట్టుకొని పోతాయి. తల్లి ఒంటి వెచ్చదనం పట్టుకొని పోతాయి. అంటే కుక్కకు ముందు పనిచేసేది ముక్కు, చర్మం. కన్ను, చెవి తర్వాత.

మన ఊరి నల్లకుక్క కరియ మీకు తెలుసు. ముసలిది. దానికి చూపు పోయింది, వినికిడీ పోయింది. పోయిన ఎండాకాలం నిద్రలో ఉండగా ఒక బిడ్డ దాని మీద చెయ్యి వేసింది. అది ఉలిక్కిపడి కరిచింది. వెంటనే బిడ్డకు సూదులు వేయించారు. “కుక్కను కొట్టి చంపేద్దాం” అన్నారు కొందరు. ఒక అవ్వ ఒప్పుకోలేదు. “కాలభైరవుడి వాహనమని మొక్కుతారు. వీధిలో కనిపిస్తే రాయి ఎత్తుతారు. ఇదేం న్యాయం?” అని అడిగింది. దాన్ని 10 రోజులు కట్టేసి కనిపెట్టుకొని ఉండింది. దానికి జబ్బు లేదని తేలింది. ఆ తర్వాత నేర్పడం మొదలుపెట్టింది.

మొదట పశువుల డాక్టరుకు చూపించాలి. చెవిలో చీము, కంట్లో పొర లాంటి వాటిల్లో కొన్నిటికి వైద్యం ఉంది. పిచ్చికుక్క రోగం రాకుండా టీకా కూడా వేయించాలి. తిరుపతిలో 1955లో పెట్టిన పశువైద్య కళాశాల ఉంది. అక్కడి ఆసుపత్రిలో కుక్కలకూ వైద్యం చేస్తారు.

ఇక నేర్పే పద్ధతి.

దగ్గరికి పోయేటప్పుడు నేల అదిరేటట్టు అడుగు వెయ్యాలి. ఆ అదురు దాని కాళ్లకు తెలుస్తుంది. నిద్రలో ఉంటే తాకకూడదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, అది వాసన చూసి లేచేదాకా ఆగాలి.

తర్వాత ఒక తాకుడుకు ఒకే అర్థం ఉండాలి. నడుము వెనక మెల్లగా తాకితే “కూర్చో”. భుజం మీద రెండుసార్లు తడితే “నా వెంట రా”. ఎండుచేప ముక్కను ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదికి జరిపితే కుక్క తల ఎత్తుతుంది, తనంతట తానే కూర్చుంటుంది. అప్పుడే నడుము తాకాలి. వెంటనే ముక్క పెట్టాలి. పూటకు ఐదు నిమిషాలు చాలు. రోజూ చెయ్యాలి. ఇంట్లో అందరూ అదే తాకుడు వాడాలి. ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా తాకితే దానికి ఏమీ అర్థం కాదు.

సంగటి పెట్టే చిప్ప, నీళ్ల తొట్టి ఉన్నచోటే ఉండాలి. పడుకునే చోట గోనెసంచి పరచాలి. సంచి కాలికి తగిలితే “నా చోటు ఇదే” అని తెలుస్తుంది. బయటికి పోతే తాడు ఉండాల్సిందే. బావి, రోడ్డు దానికి తెలియవు గదా.

కొడితే మాత్రం ఏదీ నేర్చుకోదు. దెబ్బ ఎటునుంచి వస్తుందో దానికి తెలియదు. అందుకే ప్రతి చేతికీ భయపడుతుంది. భయపడిన కుక్కే కరుస్తుంది.

మనుషుల్లో కూడా ఇట్లా నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. హెలెన్ కెల్లర్ 1880లో అమెరికాలో పుట్టింది. 19 నెలలప్పుడు జబ్బు చేసి చూపు, వినికిడి పోయాయి. 1887లో యాన్ సలివన్ అనే టీచరు వచ్చింది. హెలెన్ ఒక చేతిని పంపు నీళ్ల కింద పెట్టించింది. రెండో అరచేతిలో “నీళ్లు” అనే మాటను వేళ్లతో అక్షరం వెంట అక్షరం తెలిపింది. ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుందని ఆ బిడ్డకు అప్పుడు తెలిసింది. తర్వాత ఆమె 1904లో డిగ్రీ పాసైంది. పుస్తకాలు రాసింది. 1955లో మన దేశానికీ వచ్చింది. కుక్కలంటే ఆమెకు చాలా ఇష్టం.

కుక్కకు అక్షరాలు రావు. కానీ నేర్పే దారిలో పోలిక ఉంది. తాకుడు, ఓపిక, రోజూ చెయ్యడం.

ఒక జాగ్రత్త మరవొద్దు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టొద్దు. అదే రోజు సర్కారు ఆసుపత్రికి పోండి. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే కాలం పోయింది. ఇప్పుడు జబ్బకే వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్నీ వేయించుకోండి. పిచ్చికుక్క రోగం బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు లేదు.

కన్ను పోయిందని, చెవి పోయిందని ఏ ప్రాణినీ పనికిరానిదని అనొద్దు. దానికి తెలిసే దారి ఏదో వెతుకుదాం.

ఆలోచించండి:
1. నిద్రపోయే కుక్కను ఎట్లా లేపాలి?
2. ఇంట్లో అందరూ ఒకే తాకుడు ఎందుకు వాడాలి?
3. కుక్క కరిస్తే మొదట ఏం చెయ్యాలి? మీ పిల్లలకు చదివి చెప్పండి.