పురుగే కదా అని వదిలేయకండి

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు భూమి గురించి, రిజర్వేషన్ల గురించి, ఉద్యోగాల గురించి చెప్పారు. నేను పురుగుల గురించి చెబుతాను. నవ్వండి, పరవాలేదు. మా హాస్టల్ పిల్లలు కూడా మొదట నవ్వారు. ఇప్పుడు వాళ్ల దగ్గర మూడు వానాకాలాల నోట్‌బుక్కులు ఉన్నాయి. సెలవులకు ఇంటికి వెళ్లినా రాసుకుని తెస్తున్నారు.

మాకు టీచర్ ట్రైనింగ్‌లో చెప్పిన ఒక మాట నాకు చాలా ఇష్టం. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలి అని. అందుకే అందరికీ తెలిసిన దానితో మొదలుపెడతాను. ఆరుద్ర పురుగును చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులు లేవలేదు. తొలకరి పడగానే నేల మీద ఎర్ర మఖమల్ బొత్తాంలా నడిచేది. సరే, దానికి కాళ్లు ఎన్ని? ఆరు అంటున్నారు కొందరు. ఎనిమిది. పేరులో పురుగు ఉంది కానీ అది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల ఒళ్లు ఉంటాయి. ఆరుద్ర పురుగు సాలీడుకు, తేలుకు చుట్టం. ఇంకో తమాషా ఏమిటంటే దాని పిల్లలకు ఆరు కాళ్లే ఉంటాయి. అవి మిడతల్లాంటి వాటిని పట్టుకుని రసం పీల్చి బతుకుతాయి. పెద్దయ్యాక ఎనిమిది కాళ్లు వస్తాయి, మట్టిలోకి పోతాయి, వాన పడితే కొద్ది రోజులు పైకి వచ్చి మళ్లీ మాయమవుతాయి.

ఇన్నేళ్లు అరచేతిలో పెట్టుకుని ఆడుకున్నదాని కాళ్లే మనం లెక్కపెట్టలేదు. మరి మన పెద్దవాళ్లు చూడలేదా అంటే, చూశారు. ఆరుద్ర కార్తె అంటే జూన్ 22 ప్రాంతం. రైతులు అది కనిపించే కాలాన్నే దానికి పేరుగా పెట్టారు. తేదీని పేరులో దాచారన్నమాట. కాగితం మీద రాయడం ఒక్కటే లేదు. ఆ రాయడం ఇప్పుడు మీ పని అని చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

ఏం రాయాలి? మా పిల్లలకు మొదటి రోజు ఒక్క మాటే చెప్పాను. పేరు తెలియకపోయినా పరవాలేదు, చూసింది రాయండి అని. తేదీ, వేళ, ఊరు, ఏ చెట్టు మీద లేదా ఏ రాయి కింద, అది ఏం చేస్తోంది. కాళ్లు ఎన్ని, రెక్కలు ఉన్నాయా. పక్కన అగ్గిపుల్ల పెట్టి ఎంత పొడుగో. ఫోన్ ఉంటే పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వీలైతే ముఖం ఒకటి, మూడు ఫోటోలు. సాలీడైతే గూడు కూడా తీయాలి. గూడు మధ్యలో తెల్లటి దారంతో ఇంటూ గుర్తు వేసుకుని కూర్చునే సాలీడు ఒకటి ఉంది, మీ కాఫీ తోటల్లో చూసే ఉంటారు. దాన్ని గూడు చూసే పోల్చుకోవచ్చు. సిగ్నల్ లేదని బెంగ వద్దు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచితే సిగ్నల్ లేకపోయినా ఫోటోలో స్థలం నమోదవుతుంది. సంతకు వచ్చినప్పుడు ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టవచ్చు. అక్కడ తెలిసినవాళ్లు చూసి పేరు చెబుతారు.

ఊరు, చెట్టు అంత ఖచ్చితంగా ఎందుకు అని ఒక పిల్ల అడిగింది. దానికి మన తూర్పు కనుమల్లోనే జరిగిన కథ ఉంది. నీలం రంగులో మెరిసే పెద్ద సాలీడు ఒకటి ఉంది, చెట్టు తొర్రల్లో ఉంటుంది. 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దాన్ని మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. దొరికిన చోటు అనంతపురం జిల్లా గుత్తి, రైల్వే కలప యార్డు. గుత్తి సాలీడు అనే పేరు అలా వచ్చింది. కానీ అది అక్కడి ప్రాణి కాదు. ఎక్కడో అడవిలో నరికిన దుంగతో పాటు రైలెక్కి వచ్చింది. ఆ దుంగ ఏ అడవిది అని ఎవరూ రాయలేదు. దాని అసలు ఇల్లు మళ్లీ శాస్త్రవేత్తల కంటపడడానికి 102 ఏళ్లు పట్టింది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. ఒక్క గీత రాసి ఉంటే వందేళ్లు కలిసొచ్చేవి. అప్పటికే ఆ అడవి చాలా పాడైంది. ఇప్పుడు అది అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది.

ఆ అడవిలో పుట్టలు, తొర్రలు తెలిసిన మనుషులు అప్పుడూ ఉండే ఉంటారు కదా అని నాకు అనిపిస్తుంది. వాళ్లను ఎవరు అడిగారు?

అందుకే మా నోట్‌బుక్కులో ఇంకో గడి పెట్టాం. మీ ఇంట్లో దీన్ని ఏమంటారు? ఎవరు చెప్పారు? మా హాస్టల్లో కువి మాట్లాడే పిల్లలు ఉన్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఉన్నారు, పోర్జా పిల్లలు ఉన్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడే భగత పిల్లలూ ఉన్నారు. ఒకే రోకలిబండకు నాలుగు పేర్లు వచ్చాయి. కొందరికి అసలు తెలియదు, ‘పురుగు’ అని రాశారు. అది చూసి నాకు కష్టమేసింది. దసరా సెలవుల్లో అమ్మమ్మను అడిగి రమ్మన్నాను. ఒక పిల్ల పదకొండు పేర్లు తెచ్చింది. చీమల్లోనే నాలుగు. వాళ్ల అమ్మమ్మ రెండు రోజులు వెంట తిప్పుకుని చూపించిందట. ఆ మాటలు ఇక్కడ నేను చదవను. అవి ఆ ముసలమ్మవి, ఆమె పేరుతోనే ఆ నోట్‌బుక్కులో ఉన్నాయి. మీ ఇంట్లో మాటలు మీ ఇంట్లో అడగండి. 2022 నుంచి 2032 వరకు ఐక్యరాజ్యసమితి ఆదివాసీ భాషల దశాబ్దం అని ప్రకటించింది. మంచిదే. కానీ మీ అమ్మమ్మ దగ్గరికి ఐక్యరాజ్యసమితి రాదు, మీరే వెళ్లాలి.

తిండి సంగతి కూడా చెప్పాలి. తొలి వానల్లో దీపం దగ్గరికి ఉసిళ్లు వస్తాయి. మన ఇళ్లలో పట్టి, రెక్కలు రాల్చి, వేయించుకుని తింటాం. ఒకసారి తరగతిలో ఇంట్లో ఏం తింటారని అడిగితే ఒక చిన్నపిల్ల ఉసిళ్లని చెప్పింది. మిగిలినవాళ్లు నవ్వారు. ఆ పిల్ల మళ్లీ చాలా రోజులు నోరు విప్పలేదు. ఇది మీలో చాలామందికి జరిగే ఉంటుంది. మన పక్కనే ఒడిశాలో, మయూర్‌భంజ్‌లో, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలతో పచ్చడి చేస్తారు. 2024 జనవరిలో ఆ పచ్చడికి సిమిలిపాల్ కాయ్ చట్నీ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే చీమ కాఫీ కోసేటప్పుడు మన మెడ మీద పడితే ఎంత తిట్టుకుంటామో! ఈసారి కుట్టించుకునే ముందు దాని గూడు చూడండి. పెద్ద చీమలకు దారం రాదు. వాటి పిల్లలకు వస్తుంది. పిల్లను నోట కరుచుకుని, ఈ ఆకు అంచుకూ ఆ ఆకు అంచుకూ తాకిస్తూ కుడతాయి. ఆ చిన్నపిల్లే ఇప్పుడు మాకు ఉసిళ్ల పేజీ రాసింది. ఏ పుట్ట, ఏ తేదీ, వాన పడ్డ ఎన్ని గంటలకు బయటికి వచ్చాయి, అన్నీ. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు, తేదీ కోసం ఆమె దగ్గరికే వెళుతున్నారు.

ఇదంతా సరదాకే అనుకునేవాళ్లకు కాఫీ గురించి చెబుతాను. కాఫీ కాయ తొలిచే పురుగు మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో కనిపించింది. ఇన్నేళ్లు మన కొండలకు రాలేదు. 2025లో అరకులోయ మండలంలో బయటపడింది. అది ఆవగింజంత నల్ల పురుగు. ఆడది కాయ బొడ్డు దగ్గర సూదితో పొడిచినట్టు చిల్లు చేసి లోపలికి పోతుంది. గింజలోనే గుడ్లు పెడుతుంది, పిల్లలు గింజనే తింటాయి. కోత అయ్యాక చెట్టు మీద మిగిలిన కాయల్లో, నేల రాలిన కాయల్లో దాక్కుని వచ్చే పంట కోసం కాచుకుంటుంది. కాయలతో, గోనె సంచులతో ఊరి నుంచి ఊరికి పోతుంది. ఇప్పుడు ఆలోచించండి. దాన్ని మొదట చూసేది ఎవరు? ఆఫీసరు కాదు, కాయ కోసే మన చేయి. చిల్లు బొడ్డు దగ్గర ఉందా, పక్కన ఉందా అని చూడడం వచ్చినవాడికి, చూసిన రోజే ఏ మొక్క అని రాసుకున్నవాడికి ఒక ఊరి పంటను కాపాడే అవకాశం ఉంటుంది. అలాంటి కాయ కనబడితే ఫోటో తీసి కాఫీ బోర్డుకో, ఐటీడీఏ సిబ్బందికో వెంటనే చెప్పండి. చూపిద్దామని ఆ కాయలు జేబులో వేసుకుని సంతకు మాత్రం తేవద్దు. నేల మీద కాయలు ఏరేయడం విసుగు పనే, కానీ దాని ఇల్లు అదే.

అలాగని కనబడ్డ ప్రతిదాన్నీ మందు కొట్టి చంపేస్తారేమో! తోటలో ఉండే వాటిలో మనకు నష్టం చేసేవి కొన్నే. సాలీళ్లు, తూనీగలు, చాలా కందిరీగలు మన పక్షమే. ఏది ఎవరో తెలియాలంటే మళ్లీ చూడడమే, రాయడమే.

అన్నీ బయట పెట్టేయకూడదు కూడా. ఈ మాట చదువుకున్న తమ్ముళ్లకు గట్టిగా చెబుతున్నాను. ఆ నీలం సాలీడును పెంచుకోవడానికి కొనేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. 2019లో దాని జాతివాటి వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ పెట్టారంటే గిరాకీ ఎంతో అర్థం చేసుకోండి. అరుదైనది కనబడితే స్థలాన్ని మసకగా చూపించే ఎంపిక ఐనాచురలిస్ట్‌లో ఉంది, పూర్తిగా దాచే ఎంపికా ఉంది. మీ ఊరి కొండతేనె బండ, మందుకు వాడే ప్రాణి, పూజకు సంబంధించినది, ఇలాంటివి పెద్దల్ని అడగకుండా ఫోన్‌లోకి ఎక్కించవద్దు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. చిన్న ప్రాణుల పేజీలు ఖాళీగా ఉంటే వాటిని నింపగలిగేది మీరే. ఎవరు చెప్పారో ఆ పేరు కూడా రాయించండి.

ఇక జాగ్రత్తలు. వార్డెన్ని కదా, ఇవి చెప్పకుండా దిగను. రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు ఎత్తండి, అప్పుడు కింద ఉన్నదానికీ మీకూ మధ్య రాయి అడ్డం ఉంటుంది. చూశాక ఎలా ఉందో అలాగే పెట్టండి, అది ఒకరి ఇల్లు. నూగున్న గొంగళిపురుగును ముట్టుకోవద్దు. వానాకాలం ట్యూబ్‌లైట్ దగ్గరికి నారింజ, నలుపు రంగుల్లో సన్నటి పురుగు ఒకటి వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద నలిపితే దాని రసం తగిలి కాలినట్టు బొబ్బలు వస్తాయి. ఊదేయండి, తగిలితే సబ్బుతో కడగండి. పొదల్లో కూర్చుంటే ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఆరుద్ర పురుగుకు దూరపు చుట్టం, కంటికి సరిగా ఆనని నల్లి పిల్ల ఒకటి కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. జ్వరంతో పాటు ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనబడితే నాటు మందుతో ఆగకుండా పీహెచ్‌సీకి వెళ్లండి, పొదల్లో తిరిగానని చెప్పండి. మందు ఉంది, ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

రేపు ఆదివారం. పొద్దున్నే ఎండ రాకముందు, రెక్కల మీద మంచు ఆరకముందు, తూనీగలు ఎగరలేవు, దగ్గరికి వెళ్లి చూడవచ్చు. మా పిల్లలు పన్నెండు మంది ఆరింటికి ఈ సభాస్థలి వెనక గెడ్డ దగ్గరికి వెళుతున్నారు. రావాలనుకున్నవాళ్లు ఒక నోట్‌బుక్కు, పెన్సిలు, అగ్గిపెట్టె తెచ్చుకోండి. పెన్సిలే తేండి, పెన్ను వానకు కారిపోతుంది. ఊరి నుంచి అమ్మమ్మో తాతయ్యో వచ్చి ఉంటే వాళ్లనీ తీసుకురండి, కూర్చోవడానికి కుర్చీ నేను వేయిస్తాను.