మాయకు షరతు
(కావలిలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)

పెద్దలకు, పిన్నలకు, వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకుంటున్న కుర్రకారుకు నమస్కారం. ముఖ్యంగా ఆ కుర్రకారుకు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది వాళ్ల చేతుల్లో ఆడుతున్న సరుకు గురించే.

ఉపన్యాసానికి అంశం ఏమిటని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగితే "మంత్రాలూ మాంత్రికులూ" అన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "కొంచెం సాహిత్యం కూడా ఉంటుంది కదండీ?" అన్నారు చివరికి. ఉంటుంది. అదంతా సాహిత్యమేనని నమ్మిన మనిషి పేరున కదా ఈ సభ జరుగుతున్నది. ఆ మాస్టారు తన ఇంటి వసారాలో నడిపిన చిన్న పుస్తకాల అర నుంచి తెచ్చుకుని చదివినవాళ్లం ఈ హాల్లో చాలామందిమే ఉన్నాం. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు "బాగుందా?" అని ఆయన అడిగేవారు కాదు. "మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందిరా?" అనేవారు. చెప్పగలిగితే తర్వాతి భాగం చేతికొచ్చేది. లేకపోతే అదే పుస్తకం మళ్లీ ఇంటికి.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బాలనాగమ్మ కథ తీసుకోండి. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోగలడు, రాజుల్ని రాళ్లు చేయగలడు. వాడిని కత్తితో పొడిచినా చావడు. అయినా మనకు కథ మీద ఆశ పోదు. ఎందుకంటే వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని మనకు తెలుసు. 1942లో జెమినీ వారు ఆ కథను తెరకెక్కించినప్పుడు గోవిందరాజుల సుబ్బారావు ఆ ఫకీరుగా, అదే మాయల మరాఠీగా, జనాన్ని హడలగొట్టారు. ఆ భయం వెనకాల కూడా చిలక ఉంది కాబట్టే బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి సముద్రాలు దాటుతున్నంతసేపూ ప్రేక్షకుడు కుర్చీ అంచున కూర్చున్నాడు. మాయకు షరతు ఉండాలి. కథను ఎంతైనా మార్చండి, పాత్రల్ని కలపండి, తీసేయండి. ఆ షరతు ఒక్కటి చెడగొట్టారంటే మాత్రం చేతిలో మిగిలేది గారడీ.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' పన్నెండు సంపుటాలూ ఒక షరతు మీదే నడుస్తాయి. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరాడు. తోడుగా పశువుల కాపరి గోపుడు. దారిలో ప్రతి మజిలీలోనూ తాను అడిగిన వింతకు కథ చెబితేనే వస్తాను, లేదంటే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాను అన్నాడు వాడు. పగలంతా నడక, సాయంత్రం వంట, భోజనం, ఆ పైన కథ. నేటి వెబ్ సిరీస్ రాసేవాళ్లు ఎపిసోడ్ చివర ప్రేక్షకుడు జారిపోకుండా ఏ కొక్కెం వేయాలా అని తలలు పట్టుకుంటారు. దీక్షితులు గారు ఆ కొక్కేన్ని వినేవాడి చేతిలోనే పెట్టారు. అడుగుతున్నది గోపుడు. వాడికి విసుగు పుడితే యాత్ర ఆగిపోతుంది!

ఈ మజిలీల ప్రేరణతోనే 1951లో విజయా వారి 'పాతాళభైరవి' వచ్చింది. అల్లావుద్దీన్ దీపం వాసన కూడా దానికి కాస్త తగిలింది. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. పెద్ద సెట్టింగుల గురించి, మార్కస్ బార్ట్‌లే కెమెరా గురించి అందరూ చెబుతారు, నేను ఆ పక్కకు పోను. నన్ను ఇప్పటికీ ముచ్చట గొలిపేది అందులోని లెక్క. సాహసవంతుడైన యువకుణ్ణి బలిస్తేనే దేవి ప్రసన్నమవుతుంది. ఇది నేపాళ మాంత్రికుడికి తెలుసు, తోటరాముడికి తెలియదు. తెలిసిన క్షణాన రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చేస్తాడు. ఇక దేవి ఇచ్చిన బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది. అది మంచి చెడ్డలు చూడదు. అందుకే అది రాముడి దగ్గర ఉన్నప్పుడు కట్టిన మేడ, చేయి మారగానే రాజకుమారితో సహా ఎగిరిపోతుంది. చివర మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంది కాబట్టి రాముడి నేస్తం అంజిగాడు మాయమాటలు చెప్పి ఆ గడ్డం గీయిస్తాడు. ఎస్వీ రంగారావు అంతటి మనిషి నున్నటి గడ్డంతో కూర్చోగానే హాలంతా నవ్వింది. ఆ నవ్వులో మాంత్రికుడి పని అయిపోయిందన్న తీర్పు కూడా ఉంది. ఒక్క డైలాగు అక్కర్లేకపోయింది.

1957 నాటి 'మాయాబజార్' ఇంకో మెట్టు పైన. శశిరేఖ వ్యాస భారతంలో లేదు. నాటకాల వాళ్ల పుణ్యమా అని మన ఇంటి పిల్ల అయింది. పింగళి ఆ నాటకానికి ప్రియదర్శిని, సత్యపీఠం అనే రెండు వస్తువులు కలిపారు. ప్రియదర్శిని పెట్టె తెరిచి చూస్తే చూసినవాళ్లకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు చూస్తే శకుని! అక్కడ కథ మొత్తం విప్పి చెప్పేశారు, పిల్లలకు నవ్వు, పెద్దలకు ఆలోచన. ఇక సత్యపీఠం ఎక్కినవాడు నిజం చెప్పి తీరాలి. సినిమా మొదట్లో సరదాగా చూపించిన ఆ పలకే చివర శకుని కొంప ముంచుతుంది. పాండవులు ఒక్క ఫ్రేములోనూ కనిపించరన్న సంగతి చాలామందికి ఎవరో చెబితే తప్ప తట్టదు. మూలకథకు కట్టుబడటం అంటే ఏమిటని నన్నడిగితే నేను ఈ సినిమా చూపిస్తాను. అందులో మూలంలో లేనివి బోలెడు, మూలంలో ముఖ్యులు మాయం. అయినా భారతం తెలిసిన ముసలమ్మ ఒక్కతె కూడా "ఇది భారతం కాదే" అనలేదు.

ఘటోత్కచుడి ఆశ్రమంలో శిష్యులకు మాయలు నేర్పే చినమయగా వేసిన రమణారెడ్డి మన జిల్లావాడు, జగదేవిపేట. బక్కపలచని ఆ మనిషి, ఘటోత్కచుడిగా వేసిన కొండంత ఎస్వీఆర్ పక్కన నిలబడి గురువు దర్పం ఒలకబోస్తుంటే నెల్లూరు హాళ్లలో ఈలలు వేసింది కేవలం ఊరి అభిమానంతో కాదు. జానపదాల్లో కత్తి దూసిన విలన్ రాజనాల కూడా మనవాడే. ఈ తీరం నుంచి మద్రాసు దగ్గర. ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి కోడంబాక్కం. ఆశ ఉన్నవాళ్లు వెళ్లారు.

అలా వెళ్లిన వాళ్లలో నేను అసలు మాట్లాడాలనుకున్న మనిషి సింగీతం శ్రీనివాసరావు. 1931లో ఉదయగిరిలో పుట్టారు. కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. మాయాబజార్ పాఠశాలలో చదివినవాడన్నమాట. ఆయన హెచ్.జి.వెల్స్ నవల 'టైమ్ మెషీన్' ప్రేరణతో 1991లో 'ఆదిత్య 369' తీశారు. హరికథకుడు సాంబమూర్తి గారి అబ్బాయి, మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, దాని వెనక నిలబడ్డారు. శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాత. వెల్స్ 1895లో రాసిన కథలో యాత్రికుడు ముందుకే పోతాడు, ఎనిమిది లక్షల రెండువేల ఏడువందల ఒకటో సంవత్సరానికి. సింగీతం యంత్రాన్ని ఉంచుకుని దారి మార్చారు. మొదట 1526కి, శ్రీకృష్ణదేవరాయల సభకు. ఆ తర్వాత 2504కి. తెలుగువాడి చేతికి కాలయంత్రం ఇచ్చి ఎక్కడికి పోతావు బాబూ అంటే వాడు చెప్పే మొదటి ఊరు హంపీయే కదా! వెల్స్ వర్గభేదాల మీద రాసిన హెచ్చరిక ఇందులో లేదు, నిజమే. ఆ కొరత నన్ను పెద్దగా బాధ పెట్టదు. ఎక్కినవాళ్లు ఎటు పోతారో వాళ్లకే తెలియని యంత్రం అది. ఆ అదుపులేనితనమే దాని షరతు. ఆ షరతు మీద నవ్వులూ, తెనాలి రాముడూ, వజ్రమూ అన్నీ నిలిచాయి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. రాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ తర్వాత నాలుగువందల డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక ఉదయగిరి వాడే ఇంకో బాలకృష్ణను, తన సినిమా హీరోను, హంపీకి తీసుకెళ్లి రాయల సింహాసనం మీద కూర్చోబెట్టాడు. సింగీతం గారు ఇది తలచి చేశారని నేననను. చరిత్రకు అప్పుడప్పుడూ చమత్కారం తోస్తుందేమో.

1994లో సింగీతం గారిదే 'భైరవద్వీపం'. రావి కొండలరావు రచన. చందమామ బొమ్మలు కదిలితే ఎలా ఉంటాయో అలా ఉంటుంది. రెక్కల గుర్రం ఉంది, మరుగుజ్జులున్నారు. అయితే నేను మెచ్చుకునేది అది కాదు. మాస్ హీరోగా వెలుగుతున్న బాలకృష్ణ సినిమాలో చాలాసేపు గూనితో, కురూపిగా కనిపించడానికి ఒప్పుకున్నారు. అద్భుతానికి మూల్యం చెల్లించాలన్నది జానపదంలో పాత న్యాయం. దాన్ని హీరో ముఖం మీదే రాసి చూపించారు. ఇవాళ అలాంటి సన్నివేశం రాస్తే మేనేజరు ముందు, అభిమాన సంఘం తర్వాత అడ్డుపడతారు.

అప్పటి మన జిల్లా అలిమిలి నుంచి వెళ్లిన మల్లెమాల సుందరరామిరెడ్డి గారి ఇంటి నుంచి ఇంకో పాయ వచ్చింది. ఆయన కుమారుడు శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాతగా, కోడి రామకృష్ణ దర్శకుడిగా 'అమ్మోరు' 1995లో, 'అంజి' 2004లో, 'అరుంధతి' 2009లో. కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను తెలుగు ప్రేక్షకుడి ఇంటి మాట చేసిన సినిమాలివి. మూడూ చూసినవాడిగా నా తీర్పు చెబుతాను, కోపగించుకోకండి. 'అంజి' కోసం ఏళ్ల తరబడి పడ్డ కష్టం తెర మీద కనబడుతుంది. కానీ ఆత్మలింగం ఎవరికి ఏం చేస్తుందో, ఏం చేయదో నాకు గట్టిగా అంటలేదు. 'అరుంధతి'లో అంతా తెగేసి చెప్పారు. పశుపతిని చంపాలంటే జేజెమ్మ ఎముకలతో చేసిన ఆయుధం కావాలి. అంటే జేజెమ్మ చావాలి. అక్కడే ఆ సినిమా గెలిచింది.

ఇప్పుడు కుర్రకారు సరుకు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 2011 నుంచి 2019 దాకా నడిచింది. దానికి మూలమైన జార్జ్ మార్టిన్ నవలల్లో అయిదోది సిరీస్ మొదలైన ఏడాదే వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. పుస్తకాలు అయిపోయాక చెడిందని అందరూ అంటారు. అది సగం నిజమే. నన్నడిగితే ఆ లోకంలో అసలు షరతు డ్రాగన్లకు సంబంధించింది కాదు, దూరం. ఉత్తరాది నుంచి రాజధానికి రావడానికి మొదటి సీజన్‌లో వారాలు పట్టేది. దారిలో మనుషులు మారిపోయేవారు, పిల్లలు తప్పిపోయేవారు. ఏడో సీజన్‌కు వచ్చేసరికి మంచుగోడ దగ్గర నుంచి కాకి చేతికి కబురు ఇస్తే, సముద్రం మధ్య దీవికి అది చేరి, అక్కడి నుంచి డ్రాగన్ ఎగిరొచ్చి ఒక్క ఎపిసోడ్‌లోనే ప్రాణాలు కాపాడేసింది. ఆ రోజే నాకు ఆ సిరీస్ మీద నమ్మకం సడలింది. చివరి సీజన్ మీద లోకమంతా గగ్గోలు పెట్టినప్పుడు నేను తీరుబడిగా కాఫీ తాగాను.

దీనికి ఎదురుగా పీటర్ జాక్సన్ తీసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పెట్టి చూడండి. టోల్కీన్ నవలలో టామ్ బొంబాడిల్ అనే విచిత్రమైన అడవి మనిషి ఉంటాడు. ఉంగరం వేలికి పెట్టుకున్నా అతను మాయం కాడు, దాని ఆశా అతన్ని తాకదు. చదువుతుంటే హాయిగా ఉంటుంది. జాక్సన్ అతన్ని మొత్తంగా తీసేశాడు. టోల్కీన్ భక్తులు చాలాకాలం గుర్రుమన్నారు. తీసేయడమే సబబు. ఉంగరం ఎవరినైనా చెడగొడుతుందని ప్రేక్షకుడు ఇంకా నమ్మడం మొదలుపెట్టకముందే, చెడని వాణ్ణి ఒకణ్ణి చూపిస్తే షరతు బీటలు వారుతుంది. పుస్తకానికి ఆ బీట తట్టుకునే తీరిక ఉంది. సినిమాకు లేదు. అదే జాక్సన్ చిన్న పిల్లల పుస్తకమైన 'హాబిట్'ను మూడు సినిమాలుగా సాగదీశాడు. దాని గురించి మాట్లాడను.

బుల్లితెర మీద మనకూ పాత సొత్తు ఉంది. 1985లో దూరదర్శన్‌లో వచ్చిన 'విక్రమ్ ఔర్ బేతాళ్' సెట్టింగులు ఇవాళ చూస్తే నవ్వొస్తుంది. అట్ట చెట్టు, తెల్ల జుట్టు. కానీ జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం చెట్టెక్కుతుంది. ప్రపంచంలో ఏ స్క్రీన్‌ప్లే తరగతిలోనూ ఇంతకంటే గట్టి బిగింపు నేర్పరు. ఆ అట్ట చెట్టు కింద మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నది అందుకే. అటుపక్క 'బాహుబలి' వెనకటి కథ చూడండి. ఆనంద్ నీలకంఠన్ 2017లో శివగామి మీద ఇంగ్లిషు నవల రాశారు, నెట్‌ఫ్లిక్స్ దాన్ని సిరీస్‌గా తలపెట్టింది, చిత్రీకరణ దాకా వెళ్లి ఆగిపోయింది. డబ్బు లేక కాదు గదా.

'కల్కి 2898 ఏడీ' 2024లో వచ్చినప్పుడు సూళ్లూరుపేటలోని ఆ పెద్ద తెర మీద చూడాలని మా పిల్లలు పట్టుబట్టారు. దాదాపు వంద అడుగుల వెడల్పు తెర. శ్రీహరికోటకు రాకెట్లు పోయే దారిలో అశ్వత్థామను చూడటం నాకూ బాగానే ఉంది. సింగీతం గారు ఆ చిత్రానికి మార్గదర్శకులు. అశ్వత్థామ కనిపించిన ప్రతి సన్నివేశమూ నిలబడింది. నుదుటి మణి పోయింది, పుండు మానదు, చావు రాదు. శాపం నిబంధనలు మనకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ప్రభాస్ చేసే ఫైట్లలో మాత్రం ఏ బండి ఏం చేయగలదో, ఎప్పుడు ఆగిపోతుందో నాకు చివరిదాకా అంతు పట్టలేదు. మా మనవడికి పట్టిందట. వాడు గేములు ఆడతాడు.

ఇక ఒక కోరిక చెప్పి ముగిస్తాను. చందమామలో 1954 నుంచి పాతికేళ్ల పాటు దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్లున్నాయి. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం, భల్లూకమాంత్రికుడు. వాటి కింద ఆయన పేరు కూడా అచ్చు వేయలేదు. చిత్రా వేసిన బొమ్మలు మాత్రం ఇక్కడున్న సగంమందికి ఇప్పటికీ కళ్ల ముందు ఉంటాయి. వీటి మీద ఎవరైనా చేయి వేస్తే యక్షపర్వతంతో మొదలుపెట్టమంటాను. ఖడ్గవర్మ కత్తి ఎంత దూరం పోతుందో, జీవదత్తుడి మంత్రం ఎక్కడ ఆగిపోతుందో సుబ్రహ్మణ్యం గారు ప్రతి నెలా లెక్క తప్పకుండా రాశారు. ఆ లెక్క ముట్టుకోవద్దు. రెండోది, ఆ ఇద్దరు స్నేహితుల మధ్య దయచేసి ఒక హీరోయిన్‌ను పెట్టొద్దు. పెట్టి తీరాలని పైవాళ్లు పట్టుబడితే, ఆమెకూ ఏదో ఒక మంత్రం ఇవ్వండి, దానికీ ఒక షరతు పెట్టండి.