తప్పు తల్లిది కాదు: వైద్య పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం

నాడీకణంలోనూ కాలేయ కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. ఏ జన్యువు పనిచేస్తోంది, ఏది ఊరుకుంది అన్న దగ్గరే తేడా. డీఎన్‌ఏకు అంటుకునే మిథైల్ గుర్తులు, దాన్ని చుట్టి ఉంచే హిస్టోన్ ప్రొటీన్ల మీది మార్పులు ఆ తేడాను నిలబెడతాయి. వీటిని పరిశీలించే శాస్త్రం ఎపిజెనెటిక్స్.

మెదడు ఎదుగుదలకు ఇదెంత ముఖ్యమో రెట్ సిండ్రోమ్‌లో కళ్లకు కడుతుంది. ఈ జబ్బున్న ఆడపిల్ల మొదటి ఆరు నెలలకు పైగా మామూలుగానే పెరుగుతుంది. బొమ్మ పట్టుకుంటుంది, ఒకటి రెండు మాటలు నేరుస్తుంది. ఆ తర్వాత మాట పోతుంది. బొమ్మ పట్టుకున్న ఆ చేతులే కడుక్కుంటున్నట్టు ఒకదాన్నొకటి ఎడతెగక నులుముకుంటాయి. 1983లో హ్యూస్టన్‌లో శిక్షణలో ఉన్న వైద్యురాలు హుదా జోగ్బీ అలాంటి పాపను చూశారు. దాదాపు ఎప్పుడూ కుటుంబంలో ఒక్కరికే వచ్చే జబ్బు కాబట్టి జన్యువును పట్టుకోవడం కష్టం. అయినా ఆమె వదల్లేదు. 1999లో ఆమె బృందం ఎంఈసీపీ2 జన్యువులో దోషాన్ని కనిపెట్టింది. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను గుర్తుపట్టే ప్రొటీన్ ఆ జన్యువు నుంచే తయారవుతుంది.

పెంపకమూ ఈ గుర్తులను మార్చగలదు. తల్లి బాగా నాకి సాకిన ఎలుక పిల్లల్లో, ఒత్తిడిని అదుపుచేసే ఒక గ్రాహక జన్యువు మీద మిథైల్ తక్కువగా ఉంటుందని మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ బృందం 2004లో చూపింది.

ఇక్కడే పట్టభద్రులు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎలుకల ప్రయోగం చదివేసి, స్కిజోఫ్రెనియా ఉన్న కుర్రాడి తల్లిని “కడుపుతో ఉన్నప్పుడు దిగులు పడ్డావా?” అని నిలదీసే డాక్టరు చదువు ఏ గంగలో కలిసినట్టు? ఆ జబ్బులో వందలాది జన్యు తేడాలకు పాత్ర ఉంది. 1944–45 నాటి నెదర్లాండ్స్ కరవు ముమ్మరంగా ఉన్నప్పుడు కడుపున పడ్డవారిలో స్కిజోఫ్రెనియా ముప్పు రెట్టింపు కనిపించినా, అందుకు కారణం మిథైల్ మార్పేనని రుజువు కాలేదు. రక్తంలో కనిపించిన గుర్తు మెదడులోనూ ఉండాలని లేదు. తల్లి ప్రేమ కరవై ఆటిజం వస్తుందన్న సిద్ధాంతం 1950, 60లలో ఎందరో తల్లులను ఏడిపించింది. అది తప్పని తేలిపోయింది. దాన్ని కొత్త పేరుతో మళ్లీ తీసుకురావడం అన్యాయం.

మళ్లీ రెట్ సిండ్రోమ్ దగ్గరికి వస్తే, 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, అలాంటి జబ్బు ముదిరిన ఎలుకల్లో ఎంఈసీపీ2ను తిరిగి పనిచేయించగా చాలా లక్షణాలు తగ్గాయి. నాడీకణాలు చచ్చిపోలేదన్నమాట. మనుషుల్లో జన్యుచికిత్స పరీక్షలు మొదలయ్యాయి. అవి ఫలించేదాకా, ఈ రోజు పట్టా అందుకున్న ప్రతి వైద్యుడూ జబ్బుపడ్డ బిడ్డ తల్లికి మందుచీటీ కంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది: “తప్పు నీది కాదమ్మా.”