త్రాడు లాగినను నడువని నీటి యింజను



వరి పొట్టకు వచ్చిన దినములలో మడి యెండినచో గింజ తాలుగా పోవును. అట్టి సమయమున బావి గట్టునందలి పెట్రోలు-కిరసనాయిలు ఇంజను, చక్రము తిరుగుచుండియు నడువకున్న, రైతు సాధారణముగ రెండు పనులు చేయును: చేతులు బొబ్బలెక్కువరకు త్రాడు లాగును, లేదా రెంచి తీసికొని కనబడిన మరనెల్ల విప్పును. రెండును నష్టకరములే. తిరుగు ఇంజను నడువకుండుటకు కారణములు కొలదిగనే యుండును. వరుస తప్పక చూచినచో వానిలో పెక్కింటిని రైతే కనుగొనగలడు.

ఇంజనునకు కావలసినవి మూడు: తగుపాళ్లలో గాలితో కలిసిన నూనె ఆవిరి, దానిని సిలిండరులో అదుము బలము, సరియైన క్షణమున నిప్పురవ్వ. ఏది లోపించెనో తెలియకమునుపు ఏ భాగమును విప్పరాదు.

మొదట పైకి కనబడు సంగతులు చూడవలెను. టాంకీలో పెట్రోలు కలదా? కుళాయి పెట్రోలు వైపునకు త్రిప్పబడినదా? టాంకీ మూతయందలి గాలి రంధ్రము మట్టితో పూడినదా? ఆపు స్విచ్చి ఆపిన చోటనే నిలిచినదా? ఇంజను చల్లగ నున్నప్పుడు చోకు మూయబడినదా?

పిమ్మట కార్బురేటరు. దోషము తరచుగ నిచ్చటనే యుండును. ముందునాడు కిరసనాయిలు మీద నడుచుచుండగనే ఇంజనును ఆపినచో, కార్బురేటరు గిన్నెలో కిరసనాయిలే నిలిచిపోవును. పెట్రోలు ఎంత చలిలోనైనను ఆవిరియై అంటుకొనును. కిరసనాయిలు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కిన గాని అంటుకొనదగిన ఆవిరి నీయదు. కావున తెల్లవారుజామున చల్లారిన ఇంజనులో నిప్పురవ్వ పడినను ఫలముండదు. గిన్నె అడుగునందలి మరను వదులుచేసి, అందలి నూనెను డబ్బాలోనికి దింపి, గిన్నెను పెట్రోలుతో నింపవలెను. దింపిన నూనె అడుగున నీటి బొట్లు కనబడినచో టాంకీని, వడపోత జాలిని కూడ శుభ్రపరుపవలెను. జెట్టు రంధ్రము పూడినచో సైకిలు పంపుతో ఊదవలెను. తీగ గ్రుచ్చినచో రంధ్రము పెద్దదై నూనె వృథాగ ఖర్చగును.

తరువాత ప్లగ్గు విప్పి చూడవలెను. పలుమారులు త్రాడు లాగిన పిమ్మటను దాని కొన పొడిగ నున్నచో నూనె చేరుట లేదు. తడిసియున్నచో నూనె మితిమీరినది, లేదా రవ్వ పడుట లేదు. తడిని తుడిచి, మసిని బ్రష్షుతో పోగొట్టి, కొనల నడుమ సందు సరిచూడవలెను. పలు ఇంజనులకు అది అర మిల్లీమీటరు ప్రాంతమున నుండును.

రవ్వను పరీక్షించుటకు ముందు చిందిన పెట్రోలును తుడిచి, కుళాయి మూయవలెను. ప్లగ్గును దాని తీగకు తగిలించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగ సిలిండరు ఇనుమునకు ఆనించి, చక్రమును త్రిప్పవలెను. తీగను వట్టిచేతితో పట్టరాదు. నీలిరవ్వ చప్పుడుతో దూకినచో మంచిది. రవ్వ లేకున్నను, ఎర్రగ బలహీనముగ నున్నను క్రొత్త ప్లగ్గుతో చూడవలెను. అప్పటికిని రాకున్నచో మాగ్నెటోలోని పాయింట్లకు తేమయో నూనెయో పట్టియుండును, పొడిబట్టతో తుడువవలెను.

నూనెయు రవ్వయు సరిగనుండి, ప్లగ్గు బిగించి త్రాడు లాగునప్పుడు ఎదురుబలము తగులకున్నచో, వాల్వులో రింగులో చెడినవి. అది మేస్త్రీ పని.

ఈ శ్రమలో సగము తప్పించుకొను ఉపాయ మొకటి కలదు. ఇంజనును ఆపుటకు కొన్ని నిమిషములు ముందుగ కుళాయిని పెట్రోలు వైపునకు త్రిప్పవలెను. గిన్నెలోని కిరసనాయిలు కాలిపోయి, మరునాటికి పెట్రోలు సిద్ధముగ నుండును. కిరసనాయిలు కొంత సిలిండరు గోడల వెంట దిగి అడుగునందలి ఆయిలును పలుచన చేయును గనుక, ఆ ఆయిలును కూడ గడువు దాటకుండ మార్చవలెను.

ఒక హెచ్చరిక. నీరు అడుగంటినదని ఇంజనును బావిలోనికి దింపి నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. బావిలో నిండినచో దిగినవాని ప్రాణము తీయును, రక్షింప దిగినవాని ప్రాణమును తీయును. పైరు మరుసటి కారున మరల వచ్చును, మనిషి రాడు.