నరాల నొప్పి మందులు – కడుపులోని బిడ్డ
(బెల్లంపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో ఎప్పుడూ పెన్షన్ పెంపు, మెడికల్ కార్డుల సంగతే మాట్లాడుకుంటాము. ఈ పూట వేరే విషయానికి పది నిమిషాలు ఇమ్మని కార్యదర్శిగారిని అడిగి తీసుకున్నాను. నేను డాక్టరును కాను. దవాఖానాలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. షుగరు వల్ల అరికాళ్ళ మంటలు వచ్చి ఇప్పుడు నేనే ప్రిగాబాలిన్ వాడుతున్నాను. ఈ హాలులో దాన్నో, గాబాపెంటిన్‌నో వాడేవారు చాలామందే ఉంటారు. బొగ్గుబాయి పని చేసిన నడుములు, షుగరు పట్టిన కాళ్ళు కదా మనవి!

రెండేళ్ళ కింద మా చిన్నబిడ్డ పండుగకు వచ్చింది. "బాపూ, నడుం నుంచి కాలు దాక గుంజుతాంది. నీ నరాల గోలీ ఒకటి ఇయ్యరాదూ" అన్నది. ఇచ్చాను. నాలుగు రాత్రులు ఇచ్చాను. చీటీ చూడనిదే ఎవరికీ మందివ్వని చేయి ఇది, ఇంట్లో మాత్రం చీటీ అడగలేదు. పదిహేను రోజులకు అల్లుడు ఫోను చేసి, బిడ్డ నెల తప్పిందని శుభవార్త చెప్పాడు. మా ఇంటామె వాడకట్టంతా చక్కెర పంచుతుంటే, నేను మందుతో వచ్చిన మడతకాగితం విప్పి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను.

సూడిద ఎలుకలకు, కుందేళ్ళకు ఈ మందు ఇచ్చి చూశారు. కాన్పుకు ముందే పిండాలను తీసి, ఎముకలకు ఎర్రరంగు పట్టించి ఒక్కొక్కటీ పరీక్షిస్తారు. అలా చూస్తే కొన్నింటికి ఎముకల్లో లోపాలు, కొన్నింటికి ఎముక గట్టిపడటం ఆలస్యం, బరువు తక్కువ. మగ ఎలుకలకు ఇస్తే వీర్యకణాలు తగ్గాయి, వాటి చురుకుదనం తగ్గింది. మందు ఆపాక తిరిగి కోలుకున్నాయి. చదువుతుంటే నా చేతులు వణికాయి. తర్వాత లెక్క చూశాను. మనిషికి ఇచ్చే గరిష్ఠ మోతాదు రోజుకు 600 మిల్లీగ్రాములు. దానివల్ల మన రక్తంలో చేరే మందుకు 16 రెట్లు, అంతకంటే ఎక్కువ చేరినప్పుడు పిండాలలో ఆ లోపాలు కనబడ్డాయి. నా గోలీ 75 మిల్లీగ్రాములది.

అయితే ఎలుకలకు అయినదంతా మనిషికి అవుతుందని లేదు, ఎలుకలకు కానిది మనకు కాదనీ లేదు. థాలిడోమైడ్ సంగతి పెద్దలు వినే ఉంటారు. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా వచ్చింది. వేవిళ్ళకూ వాడారు. 1961లో ఆపేసే సరికి పదివేలమందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళ లోపాలతో పుట్టారు. ఆ మందు ఎలుకల పిండాలను పెద్దగా చెడపలేదు. తర్వాత కొన్ని జాతుల కుందేళ్ళలో చూస్తే ఆ లోపాలు బయటపడ్డాయి. అమెరికాలో దానికి అనుమతి ఇవ్వకుండా నిలబడిన డాక్టరమ్మ ఫ్రాన్సెస్ కెల్సీ. ఆ మందు వాడిన పెద్దవాళ్ళకు చేతులకు, కాళ్ళకు తిమ్మిర్లు వస్తున్నాయని చదివి, మరి కడుపులోని బిడ్డ మాటేమిటని కంపెనీని అడిగింది. మన అరికాళ్ళ తిమ్మిరిలాంటిదే ఆమెకు అనుమానం పుట్టించింది! ఆ దెబ్బతోనే 1966లో అక్కడ జంతువులపై సంతాన పరీక్షలకు పద్ధతి ఏర్పడింది. సంభోగానికి ముందు ఒకటి, పిండం ఏర్పడే రోజుల్లో ఒకటి, కాన్పు, పాలిచ్చే రోజుల్లో ఒకటి. నేను చదివిన కాగితంలోని ముక్కలన్నీ ఆ పద్ధతి నుంచి వచ్చినవే.

మనుషుల లెక్క కూడా ఉన్నది. నార్డిక్ దేశాలలో మొదటి మూడు నెలల్లో ప్రిగాబాలిన్ వాడిన 2,700కు పైగా గర్భాలను పరిశీలించారు. వాడనివారిలో నూటికి నలుగురు పిల్లలకు పుట్టుకలోపాలుంటే, వాడినవారిలో నూటికి ఆరుగురికి ఉన్నాయి. దాన్నిబట్టి 2022లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ, ఈ మందు వాడే స్త్రీలు గర్భం రాకుండా జాగ్రత్త పడాలని చెప్పింది. మగవారికి 600 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చి చూస్తే, వీర్యకణాల కదలికలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొత్తగా పెళ్ళయిన కొడుకులున్నవారు ఊరికే బెంగపడవద్దు.

ఇంకొక మాట. ఫిట్స్ కోసం ఇలాంటి మందులు వాడే ఆడపిల్లలుంటే, ఇది విని రేపే మానిపించకండి. ఉన్నట్టుండి మానితే ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రమాదం. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

మా బిడ్డను మంచిర్యాలకు తీసుకుపోయాము. డాక్టరమ్మ నన్ను కేకలేయలేదు, వేసినా బాగుండేది. "ఇక వేయకండి, ఐదో నెల స్కానింగ్‌లో చూద్దాం" అన్నది. ఆ నాలుగు నెలలు నేను సరిగా నిద్రపోలేదు. సంగతి మా ఇంటామెకు కూడా చెప్పలేదు. స్కానింగ్ గదిలోంచి బిడ్డ నవ్వుకుంటూ వచ్చినరోజు చెప్పాను. అప్పుడు తిట్టింది, తృప్తిగా తిట్టింది.

మనవరాలు బాగున్నది, ఇల్లంతా తిరుగుతున్నది. అందుకని గోలీ మంచిదని నేననను. నాలుగు రాత్రులది, ఒక్క పిల్లది ఏం లెక్క? నా మందుల డబ్బాకు ఇప్పుడు తాళం ఉన్నది. తాళంచెవి మా ఇంటామె కొంగుకు ఉన్నది. నాకు కాళ్ళు మండినప్పుడు కూడా ఆమెనే అడగాలి.