ఉపగ్రహ చిత్రములు – పంటలను గుర్తించుటలో యంత్రము పడు పొరపాట్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఆకాశమునుండి భూమిని చూచి పంటలను గుర్తించు విద్య నేడు మన పొలముల గట్టుదాక వచ్చినది. ఐరోపావారు 2015లో ప్రయోగించుట ప్రారంభించిన సెంటినెల్-2 ఉపగ్రహముల చిత్రములు ఎల్లరకు ఉచితముగా లభించుచున్నవి. వానిని పరిశీలించుటకు ఉపకరించు క్యూజీఐఎస్ అను పటముల సాఫ్టువేరును 2002లో గేరీ షెర్మన్ ప్రారంభించెను. అదియు ఉచితమే. ఇది వరి, ఇది శనగ, ఇది చెరువు అని కొన్ని తావులను మాదిరిగా చూపినచో, తక్కిన ప్రదేశమును యంత్రమే గుర్తించును. దీనినే యంత్రాభ్యాసము అందురు.

అయితే పైరున్న చేను పటములో బీడుగా కనబడినచో ఏమి చేయవలెను? ఇది ఊరక వేసిన ప్రశ్న కాదు. కేంద్ర ప్రభుత్వపు ఫసల్ బీమా పథకమున 2023 ఖరీఫు నుండి వరి, గోధుమ దిగుబడుల అంచనాకు ఉపగ్రహ సమాచారమును జోడించుచున్నారు. పటములో తప్పు దొరలినచో దాని ఫలమును రైతే అనుభవింపవలసి వచ్చును.

మొదట చూడవలసినది చిత్రపు తేది. మన నల్లరేగడి నేలలలో అక్టోబరు, నవంబరు మాసములందు శనగ విత్తుదురు. మొలక చిన్నదిగా నున్నపుడు ఆకుకంటె మన్నే అధికముగా కనబడును. యంత్రము దానిని బీడనును. డిసెంబరు చివరి చిత్రమును గూడ జతపరచినచో ఈ పొరపాటు చాలవరకు తొలగును. తడిసిన రేగడియు, నల్లమల కొండల నీడయు నీటివలె నల్లగా తోచును. అట్టి తావులను గూడ మాదిరులలో చేర్చవలెను.

రెండవది గడి పరిమాణము. ఈ చిత్రములలో మిక్కిలి సన్నని గడి 10 మీటర్ల చదరము. ఎకరమునకు సుమారు 40 గడులు. గట్టుమీదను, కాలువ యొడ్డునను పడిన గడిలో పైరు, మన్ను, నీరు కలసియుండును. కావున మాదిరులను చేని నడుమనుండియే తీసికొనవలెను.

మూడవది కొలతల పొంతన. మన నంద్యాల ప్రాంతము యూటీఎం 44వ ఉత్తర మండలములోనిది. చిత్రమును, మాదిరులను ఒకే కొలమానమునకు తేనిచో, తెరపై సరిగా అమరినట్లున్నను, లెక్కకట్టునపుడు ఒకదానిపై నొకటి పడవు.

నాలుగవది చిత్రములోని అంకెలు. 2022 జనవరి 25 నుండి సెంటినెల్ చిత్రముల అంకెలకు 1000 కలిపి ఇచ్చుచున్నారు. పాత పద్ధతి చిత్రముతో నేర్పిన యంత్రమునకు, దానిని తీసివేయక క్రొత్త చిత్రము నిచ్చినచో, పంటల గుర్తింపు తారుమారగును.

చివరిది పరీక్ష. నేర్పిన చేలతోనే పరీక్షించినచో నూటికి 95 మార్కులు వచ్చినను నమ్మరాదు. బడిలో చెప్పిన లెక్కనే పరీక్షలో ఇచ్చినట్లగును. కొన్ని చేలను పూర్తిగా వేరుగా నుంచి, వానితో పంటవారీగా తప్పొప్పులను లెక్కింపవలెను.

కావున యంత్రము తప్పినపుడు దానిని నిందించుటకు ముందు మనము చెప్పిన పాఠమును పరిశీలింపవలెను. ఏ చేనిలో ఏ పైరు ఎప్పుడు విత్తిరో ఎరిగినవారు ఈ గ్రామస్థులే. ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము నుంచి, ప్రతి పంటకాలమునను చేని గుర్తు, పైరు, విత్తిన తేది, కోసిన తేది వ్రాయించినచో, యంత్రమునకు గురువును, పరీక్షకుడును ఆ పుస్తకమే యగును. చదువుకొన్న యువకులు ఈ భారమును వహింతురుగాక యని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.